పదవ తరగతి తరువాత చెంచు యువతకు తోడెవరు?

చెంచులక్ష్మి కథ వినని తెలుగు గ్రామము లేదు. అహోబల నరసింహుడు చెంచుల అల్లుడనియు, శ్రీశైల మల్లన్న చెంచు మల్లన్న అనియు మన పెద్దలు చెప్పుకొందురు. శివరాత్రికి దోర్నాల మీదుగా నడచి కొండకు పోవు యాత్రికులు నల్లమల గూడెములను దాటుకొనియే పోవుదురు. ఇంత దగ్గరివారైన చెంచులలో ఒక బాలుడో, బాలికయో పదవ తరగతి పరీక్ష వ్రాసి గూడెమునకు తిరిగివచ్చినపుడు, “ఇక ఏమి చదువుదువు? ఎచ్చట చదువుదువు? రమ్ము, నేను తోడు వత్తును” అని పలుకువారు మన గ్రామములలో ఎందరు గలరు? ఈ పాఠము ఆ ప్రశ్నను గూర్చినది. మార్కాపురము, గిద్దలూరు, ఎర్రగొండపాలెము ప్రాంతముల పంచాయతీ సభ్యులు దీనిని చదివి, తమ సమావేశములో చర్చింపవలెనని కోరుచున్నాము.

నల్లమల అంచున మనవారు

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినపుడు మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లానుండి వచ్చి అందు చేరినవి. ఈ ప్రాంతమునకు పడమటి గోడ నల్లమల. ఎర్రగొండపాలెము, పెదదోర్నాల, పుల్లలచెరువు, అర్ధవీడు మండలములలోను, గిద్దలూరు వైపు అడవి అంచులలోను చెంచు గూడెములు గలవు. పాలుట్లవంటి గూడెములు అడవి నడుమనే యున్నవి. 2001 జనాభా లెక్కలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమందలి చెంచుల సంఖ్య సుమారు 49 వేలు. 2011లో సుమారు 64 వేలు. ఇంత పెద్ద రాష్ట్రములో ఇది చిన్న సంఖ్య. కావుననే ఒక్కొక్క యువకుని చదువును, ఒక్కొక్క యువతి ఉద్యోగమును ఆ సమాజమునకు మిక్కిలి విలువైనవి.

గిరిజనులలోను మిక్కిలి వెనుకబడిన తెగలు గలవనియు, వారిని ప్రత్యేకముగా చూడవలెననియు 1960-61లో ఢేబర్ కమిషన్ చెప్పినది. అటుపిమ్మట 1975 మొదలు కేంద్ర ప్రభుత్వము అట్టి తెగలను వేరుగా గుర్తించినది. చెంచులు వారిలో చేరినవారు. నేడు దేశములో అట్టి తెగలు 75 కలవు. 2023 నవంబరు 15న ప్రారంభమైన ప్రధానమంత్రి జన్‌మన్ కార్యక్రమము ఈ 75 తెగలకొరకే ఏర్పడినది. ఇండ్లు, రోడ్లు, త్రాగునీరు, విద్యుత్తు, వసతిగృహములు మున్నగునవి దాని అంశములు. శ్రీశైలము పేర గల సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ చెంచుల అభివృద్ధికై ఏర్పడినది. ఆశ్రమ పాఠశాలలు, గురుకులములు ఉన్నవి, ఉపకారవేతనములు ఉన్నవి, విద్యాలయములలోను, ఉద్యోగములలోను రిజర్వేషన్లు ఉన్నవి.

ఇన్ని యుండియు బాలుడు చదువు నడుమ ఆగిపోవుటకు హేతువేమి? దీనిని ఓపికగా విచారింపవలెను.

దారి తెగిపోవు చోటు

2009లో వెలువడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 6 ఏండ్లనుండి 14 ఏండ్ల వరకు గల పిల్లలకు వర్తించును. అనగా సుమారు ఎనిమిదవ తరగతి వరకు పిల్లవానిని బడిలో నిలుపుట ప్రభుత్వమునకు చట్టరీత్యా బాధ్యత. తొమ్మిది, పది తరగతులలో గురువులు, వసతిగృహాధికారులు కనిపెట్టి చూతురు. పదవ తరగతి పరీక్ష ముగిసిన నాటినుండి మాత్రము ఆ విద్యార్థి ఎవరి లెక్కలోను ఉండడు. పాత బడి వానిని పంపివేసినది. క్రొత్త కళాశాల ఇంకను చేర్చుకొనలేదు. ఈ నడిమి కాలమే అపాయకరము.

ఒక ఉదాహరణము తీసికొందము. ఇది ఏ ఒక్క బాలుని కథయు కాదు. జరుగుటకు వీలున్నవానిని ఒకచోట కూర్చి చెప్పుచున్నాము.

వసతిగృహములో నుండి చదివిన చెంచు బాలుడు పరీక్ష వ్రాసి, ట్రంకుపెట్టె తీసికొని గూడెము చేరును. వేసవి అడవిలో తేనెకును, తపసి బంకకును కాలము. తండ్రితో అడవికి పోవును. ఫలితములు వెలువడు దినమున గూడెములో సెల్‌ఫోనుకు సంకేతము అందదు. నాలుగు దినముల తరువాత ఎవరో చెప్పగా తాను ఉత్తీర్ణుడనైతినని తెలిసికొనును. మార్కుల పత్రము, బదిలీ పత్రము బడిలో ఉన్నవి. బడికి పోవుటకు బస్సు కూలి కావలెను. కుల ధ్రువపత్రములో తండ్రి పేరు ఒక రీతిగాను, ఆధారు కార్డులో మరియొక రీతిగాను ఉన్నది. బ్యాంకు ఖాతా లేదు, ఉన్నను ఆధారుతో ముడిపడియుండలేదు. ఏ కళాశాలలో చేరవలెను, ఏ శాఖ తీసికొనవలెను అని అడిగినచో చెప్పగలవారు ఇంటిలో లేరు. ఆ ఇంటిలో పదవ తరగతి చదివినవాడు అతడే మొదటివాడు. ఇట్లు ఒక్కొక్క చిక్కు విడదీయులోపల ప్రవేశముల గడువు దాటిపోవును. “వచ్చే ఏడు చూతములే” అని తల్లి అనును. వచ్చే ఏటికి అతడు కూలిపనిలో కుదురుకొనును. బాలికయైనచో పెండ్లిమాటలు మొదలగును.

ఈ బాలునికి తెలివి కొరత లేదు. తల్లిదండ్రులకు ప్రేమ కొరత లేదు. ప్రభుత్వ పథకమునకు కాగితముపై కొరత లేదు. కొరతపడినది ఒక్కటియే: ఆ రెండు మూడు నెలలు వానివెంట నడచిన మనిషి.

పరీక్ష తప్పినవాని స్థితి ఇంతకన్న కష్టము. ఒకటి రెండు పాఠ్యాంశములలో తప్పినవారు ఆ వేసవిలోనే జరుగు సప్లిమెంటరీ పరీక్షలు వ్రాసి, ఏడు వృథాగాకుండ పై చదువునకు పోవచ్చును. ఈ సంగతి తెలియక, తెలిసినను రుసుము గడువు దాటిపోయి, “నేను ఫెయిలైతిని” అను ఒక్క మాటతో పుస్తకము మూసినవారు చదువుకు దూరమగుదురు. అట్టివానికి గడువులోపల ఆ మాట చెప్పి, రుసుము కట్టించినవాడు ఒక జీవితమును నిలిపినవాడగును.

ఇది పంచాయతీ పనియేనా?

“చదువు సంగతి ఉపాధ్యాయులది, చెంచుల సంగతి గిరిజన శాఖది, మనకేమి?” అని కొందరు సభ్యులు తలపవచ్చును. ఇది సరియైన తలంపు కాదు. 1992లో ఆమోదము పొంది 1993 ఏప్రిల్ 24 నుండి అమలైన 73వ రాజ్యాంగ సవరణము పదునొకండవ షెడ్యూలును చేర్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు అందు గలవు. వానిలో 17వది ప్రాథమిక, మాధ్యమిక విద్య. 18వది సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య. 27వది బలహీనవర్గముల, ముఖ్యముగా షెడ్యూల్డు కులముల, తెగల సంక్షేమము. మనము చెప్పుకొనుచున్న విషయము ఈ మూడింటిని తాకుచున్నది. రాజ్యాంగములోని 46వ అధికరణము గిరిజనుల విద్యా, ఆర్థిక ప్రయోజనములను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందింపవలెనని రాజ్యమును ఆదేశించుచున్నది.

మన ప్రాంతమునకు మరియొక విశేషము కలదు. ఐదవ షెడ్యూలు క్రింద ప్రకటింపబడిన షెడ్యూల్డు ప్రాంతములలో పశ్చిమ ప్రకాశపు గూడెములు చేరలేదు. అందువలన 1996 నాటి పెసా చట్టము గిరిజన గ్రామసభలకు ఇచ్చిన ప్రత్యేకాధికారములు ఇచ్చట వర్తింపవు. ఇచ్చటి చెంచు గూడెములు మైదానపు గ్రామములతో కలిసి సాధారణ పంచాయతీలలో ఉన్నవి. పంచాయతీలో ఎక్కువమంది ఇతరులు, కొద్దిమంది చెంచులు ఉన్నచోట వారి గొంతు వినబడుట కష్టము. కావున వారి బిడ్డల సంగతి తలచుట మిగిలిన సభ్యుల ధర్మమగుచున్నది.

పూర్వులు చూపిన దారి

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1940లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు కృష్ణకు ఆవలనున్న అమరాబాదు పీఠభూమిలో చెంచులతో కలిసి నివసించి వారి జీవనమును అధ్యయనము చేసెను. ఆయన గ్రంథము 1943లో వెలువడినది. ఆ తరువాత నాటి హైదరాబాదు ప్రభుత్వము ఆయన సలహాపై ఆదిలాబాదు జిల్లా మార్లవాయి గ్రామములో 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రమును నెలకొల్పినది. నాగరి లిపిలో గోండి భాషకు వాచకములు తయారైనవి. కొద్దిపాటి చదువుగల యువకులను చేరదీసి, శిక్షణ నిచ్చి, వారిని తమవారి గ్రామములకే ఉపాధ్యాయులుగా పంపిరి. హైమెండార్ఫ్ భార్య ఎలిజబెత్ 1987లో మరణింపగా ఆమె సమాధిని మార్లవాయిలోనే కట్టిరి. ఆ గ్రామమువారు ఆ దంపతులను నేటికిని తలచుకొందురు.

మార్లవాయి నేర్పు పాఠములు రెండు. మొదటిది: యువకునకు చదువు ఒకచోట, ఉద్యోగము ఒకచోట విడివిడిగా చూపక, ఈ చదువు ఆ పనికి దారితీయునని ఆదినుండియే చూపినారు. రెండవది: మొదట చదివినవాడు తరువాతివానికి గురువైనాడు. తనవంటి ఇంట పుట్టినవాడు బడిలో నిలబడి బోధించుట చూచిన పిల్లవానికి “నేనును కాగలను” అను ధైర్యము కలుగును. అట్టి ధైర్యమును ఉపన్యాసములు కలిగింపలేవు.

దూరదేశమునుండి మరియొక ఉదాహరణము. ఆస్ట్రేలియాలోను ఆదివాసులు గలరు. వారి పిల్లలును ఉన్నత పాఠశాల ముగియునప్పటికి చదువు మానుకొనుట అచ్చటి పెద్ద సమస్య. 2005లో సిడ్నీ విశ్వవిద్యాలయములో చదువుచున్న ఒక ఆదివాసి యువకుడు తనతోటి విద్యార్థులను 25 మందిని కూడగట్టి, నగరములోని ఒక బడిలోని 25 మంది ఆదివాసి బాలబాలికలతో జతపరచెను. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క పెద్ద విద్యార్థి తోడు. ఆ పని క్రమముగా పెరిగి, ఇతర విశ్వవిద్యాలయములకు వ్యాపించినది. ఆరంభమునకు కావలసినవి పెద్ద భవనములు కావు, పేరు పెట్టి ఒకరికి ఒకరిని అప్పగించుట మాత్రమే. 25 జతలు మన మండలమునకు పెద్ద సంఖ్య కావచ్చును. పంచాయతీకి రెండు మూడు జతలు చాలును.

తోడు ఎవరు?

చెంచులు కొండచరియలలోని తేనెపట్టులకై దిగునపుడు తీగెలతో పేనిన తాటిపై దిగుదురు. దిగువాని ప్రాణము పైన తాడు పట్టుకొన్నవాని చేతిలో ఉండును. అందుచేత మిక్కిలి నమ్మకస్థునికే ఆ తాడు అప్పగింతురు. ఈ మాట గూడెములో ఎవరికిని వివరింపనక్కరలేదు. గూడెమునుండి పట్టణమునకు పోవు బాలుడును ఒక తెలియని లోయలోనికి దిగుచున్నవాడే. పైన తాడు పట్టుటకు ఒక నమ్మకస్థుడు కావలెను.

అట్టివారిని ఎచ్చట వెదకవలెను? అదే గూడెములో ఇంటర్మీడియటో, డిగ్రీయో చదివినవారుండిన వారు అందరికన్న శ్రేష్ఠులు. వారు లేనిచోట పదవీవిరమణ పొందిన ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, స్వయంసహాయక సంఘముల మహిళలు, మార్కాపురము, గిద్దలూరు కళాశాలలలో చదువుచున్న మన గ్రామ యువకులు తగినవారు. బాలికలకు మహిళయే తోడుగా ఉండవలెను. తల్లిదండ్రులతో, గూడెము పెద్దతో మాటలాడి, వారి సమ్మతి పొందిన పిమ్మటనే ఒక పేరు నిర్ణయింపవలెను. తోడు నిలుచువారి ప్రవర్తన మచ్చలేనిదై యుండవలెను. ఆ నియామకమును పంచాయతీ సమావేశములో చదివి, రికార్డు చేయుట మంచిది. అపుడది ఒకరి దయగాక అందరి బాధ్యతయగును.

చేయవలసిన పనులు, వరుసక్రమమున

ఒకటి, పేర్ల పట్టిక. ప్రతి సంవత్సరము దసరా సెలవులనాటికి మన పంచాయతీ గూడెములనుండి తొమ్మిది, పది తరగతులు చదువుచున్న ప్రతి బాలుని, బాలిక పేరును, బడి పేరును వ్రాసికొనవలెను. వసతిగృహములలో దూరముగా చదువువారి పేర్లు మరువరాదు. బడి మానినవారి పేర్లు వేరొక పుటలో వ్రాయవలెను. వారికి సార్వత్రిక విద్యాపీఠము ద్వారా ఇంటినుండియే పదవ తరగతి వ్రాయు అవకాశము కలదు.

రెండు, పత్రములు. సంక్రాంతిలోపల ప్రతి విద్యార్థికి కుల, ఆదాయ ధ్రువపత్రములు, ఆధారు, బ్యాంకు ఖాతా సరిగానున్నవేమో చూడవలెను. పేరు, తండ్రిపేరు, పుట్టినతేది అన్నిటియందును ఒక్కటిగా ఉండవలెను. గ్రామ సచివాలయములోని సంక్షేమ, విద్యా సహాయకుని ఈ పనికి కోరవచ్చును. అన్ని పత్రముల నకళ్లు ఒక సంచిలో నుంచి, ఆ సంచి విద్యార్థి ఇంటియందే ఉంచవలెను. పరీక్షల తరువాత చేయుదమనుకొన్నచో ఆలస్యమగును. ఆ సమయమున రెవిన్యూ కార్యాలయములలో రద్దీ ఎక్కువ.

మూడు, ఊరివెలుపల ఒక దినము. పరీక్షలకు ముందే ఒక సెలవుదినము చూచుకొని పిల్లలను, వారి తల్లులను వెంటబెట్టుకొని సమీప పట్టణములోని ఒక జూనియర్ కళాశాలను, ఒక పారిశ్రామిక శిక్షణ సంస్థను, ఒక వసతిగృహమును చూపవలెను. కన్నుతో చూచినచోటికి కాలు సులభముగా నడచును. తల్లి ఆ గదిని, ఆ వంటశాలను చూచినచో బిడ్డను పంపుటకు జంకదు.

నాలుగు, ఫలితముల దినము. సంకేతమందని గూడెములకు ఆ దినముననే ఒక మనిషిని పంపి ఫలితము తెలుపవలెను. ఉత్తీర్ణునితో ప్రవేశముల మాట, తప్పినవానితో సప్లిమెంటరీ పరీక్ష మాట ఆనాడే జరుగవలెను. తప్పినవానిని పదిమందిలో పేరు పెట్టి పిలువరాదు.

ఐదు, చేర్పించుట. దరఖాస్తు చేయునపుడు, ప్రవేశపు దినమున తోడు వెంట నుండవలెను. ఉపకారవేతనమునకు దరఖాస్తు అందినదని స్వయముగా చూచుకొని రావలెను.

ఆరు, మొదటి మూడు నెలలు. చేర్చి వచ్చుటతో పని తీరినదనుకొనరాదు. అడవిగాలికి అలవాటుపడినవాడు ఇనుప మంచముల గదిలో తొలివారములు నిద్రపోలేడు. తోటివారి ఎగతాళి, తెలియని ఇంగ్లీషు పాఠములు, ఇంటిబెంగ ఒకేసారి మీదపడును. వారమునకొకసారి ఫోనులో, “ఏం నాయనా, అన్నం సరిగ్గా పెడుతున్నారా? పాఠాలు అర్థమవుతున్నాయా?” అని పలుకరించిన చాలును. పండుగకు ఇంటికి వచ్చినవానిని తిరిగి బస్సెక్కించు దినము అన్నిటికన్న ముఖ్యము. దసరాకు వచ్చి తిరిగి వెళ్ళనివాడు ఏడాది కోల్పోవును.

పదవ తరగతి పిమ్మటి దారులు

తోడు నిలుచువారు ఈ దారులను తెలిసికొనియుండవలెను.

ఇంటర్మీడియట్: రెండేండ్లు. డిగ్రీకి, నర్సింగు చదువునకు, ఉపాధ్యాయ శిక్షణకు ఇది ద్వారము. ఇందు వృత్తివిద్యా శాఖలును గలవు.

పాలిటెక్నిక్: ప్రవేశపరీక్ష ద్వారా మూడేండ్ల డిప్లొమా. వ్యవసాయ విశ్వవిద్యాలయపు వ్యవసాయ పాలిటెక్నిక్కులలో రెండేండ్ల డిప్లొమా కలదు.

పారిశ్రామిక శిక్షణ: ఎలక్ట్రీషియన్, ఫిట్టరు, మోటారు మెకానిక్ వంటి పనులు. ముగించినవారు 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద సంస్థలలో నెలకు కొంత భృతితో పని నేర్చుకొనవచ్చును.

త్రిపుల్ ఐటీ: 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి మార్కులనుబట్టి ఆరేండ్ల చదువునకు చేర్చుకొనును. ఒంగోలు పేర ఒక ప్రాంగణము 2016లో ఏర్పడినది. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన గ్రామీణ విద్యార్థులకై ఏర్పడిన విద్యాలయమిది. బాగుగా చదువు చెంచు బాలికకు ఈ పేరు ఒకసారియైనను చెవిన పడవలెను.

ఏ దారియైనను విద్యార్థి ఇష్టమునుబట్టి నిర్ణయింపవలెను. గూడెములో ఒకరు ఒక శాఖలో చేరినారని అందరిని అందులోనే చేర్చుట తప్పు. యంత్రములపై మనసున్నవానిని పుస్తకములకు, పుస్తకములపై మనసున్నవానిని యంత్రములకు కట్టివేయరాదు.

చదువునుండి ఉద్యోగమునకు

చెంచు యువకునకు పుట్టుకతో వచ్చిన విద్య ఒకటి కలదు. అడుగు జాడను చూచి జంతువును చెప్పగలడు. చెట్టు బెరడును చూచి మందును చెప్పగలడు. నాగార్జునసాగరు-శ్రీశైలము పులుల సంరక్షణ కేంద్రములో చెంచులు అడవి కావలివారుగా పనిచేయుచున్నారు. అడవిని కాచుటలో వారి నైపుణ్యమునకు సాటిలేదు. కాని కావలి పని తాత్కాలికము. బీటు అధికారి పని స్థిరము. ఈ రెంటికి నడుమ ఉన్న మెట్టు ముఖ్యముగా చదువు. తండ్రికి తెలిసిన అడవియే కుమారునికి తెలియును. కుమారునికి అదనముగా కావలసినది ఇంటర్మీడియట్ పత్రము, పోటీపరీక్షకు తగిన శిక్షణ. అట్లే గూడెము బాలిక నర్సైనచో గూడెము తల్లుల మాట ఆమెకు అర్థమగును. ఆమె మాట వారికి నమ్మకమగును. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె, బంక మున్నగువానిని కొనుచున్నది. లెక్కలు, తూకములు, నాణ్యత తెలిసిన చెంచు యువతీయువకులు ఆ వ్యాపారములో కూలీలుగాగాక నిర్వాహకులుగా ఎదుగవచ్చును.

కావున చదువు అడవిని విడిపించుటకు అని చెప్పరాదు. పోదలచినవాడు పోవును, ఉండదలచినవాడు ఉండును. రెండింటిలో ఏది కావలెనో తానే ఎన్నుకొను శక్తిని చదువు ఇచ్చును.

పంచాయతీ వహింపవలసిన జాగ్రత్తలు

ఉద్యోగము ఇప్పింతుమని డబ్బు అడుగు దళారులను గూడెములోనికి రానీయరాదు. విద్యార్థి బ్యాంకు పుస్తకము, ఏటీఎం కార్డు తోడు నిలుచువారి చేతిలో ఎన్నడును ఉండరాదు. సహాయము చేసితిమి గనుక మా మాట వినవలెనని, ఓటు వేయవలెనని ఒత్తిడి చేయరాదు. “అడవిమనుషులు” అను చులకనమాట పంచాయతీ కార్యాలయములో వినబడరాదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము బాలికకు 18 ఏండ్లు, బాలునకు 21 ఏండ్లు నిండవలెను. దీనిని బెదిరింపుగాగాక, బిడ్డ చదువు పూర్తియగుటకు దొరకిన గడువుగా తల్లిదండ్రులకు నచ్చజెప్పవలెను.

బడికో, రోడ్డుకో అటవీభూమి అడ్డమైనచోట నిరాశ చెందనక్కరలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము పాఠశాలలు, రోడ్లు, వృత్తిశిక్షణ కేంద్రములవంటి వానికి ఒక్కొక్కదానికి ఒక హెక్టారుకు మించని భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండ, గ్రామసభ సిఫారసుపై ఇచ్చుటకు వీలు కల్పించినది. ఆ సిఫారసు చేయవలసినది మన గ్రామసభయే.

చర్చకు ప్రశ్నలు

1. మన పంచాయతీలోని గూడెములనుండి ఈ ఏడు పదవ తరగతి చదువువారెందరు? వారి పేర్లు ఏ సభ్యునికైనను తెలియునా?

2. గడచిన మూడేండ్లలో పదవ తరగతి ముగించిన చెంచు బాలబాలికలు నేడెచ్చటనున్నారు? ఎందరు చదువుచున్నారు, ఎందరు కూలికి పోవుచున్నారు?

3. తోడు నిలుచుటకు మన గ్రామములో తగినవారెవరు? బాలికలకు తగిన మహిళలెవరు?

4. కుల, ఆదాయ ధ్రువపత్రములు లేని విద్యార్థులకు ఏ తేదీలోపల ఇప్పింపగలము? ఆ పని ఏ సభ్యునిది?

5. సెల్‌ఫోను సంకేతమందని గూడెములకు ఫలితముల దినమున ఎవరు పోవుదురు?

మార్కాపురపు గనులనుండి వెలువడిన పలకలు దేశమందలి అనేక రాష్ట్రముల పిల్లలచేత అ ఆలు దిద్దించినవి. అట్టి పలకల పుట్టినింటికి కూతవేటు దూరములోని అడవిబిడ్డ పదవ తరగతితో బలపము క్రింద పెట్టవలసి వచ్చుట మనకు గౌరవము కాదు. ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక పట్టిక, ఒక సంచి, ఒక బస్సు ప్రయాణము, వారమునకొక పలకరింపు చాలును. వచ్చు సమావేశపు కార్యక్రమములో ఈ విషయమును ఒక అంశముగా చేర్చి, మొదటి ప్రశ్నకు సమాధానముగా పేర్లు వ్రాయుటతో పని ప్రారంభింపవలెను.